పెద్దాయన వీపు

ప్యాడింగ్ పని నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళెవరైనా నన్ను మొదట అడిగేది ఒక్కటే. "మేడమ్, మీరు ఏ హీరోకి కండలు చేశారు?" చేశాను. పేర్లు చెప్పను. చెబితే ఆ హీరోలకీ బాగుండదు, నాకూ బాగుండదు. అయినా కండలు చెయ్యడం పెద్ద విద్య ఏమీ కాదు. కండ ఎక్కడ ఉండాలో దేవుడు ముందే గీత గీసి పెట్టాడు. ఆ గీత మీద మనం కాస్త ఎక్కువ పోస్తే సరిపోతుంది. పొట్టలూ అంతే. నేను చేసిన పొట్టలన్నీ వరసగా పేరిస్తే ఫిల్మ్‌నగర్‌లో ట్రాఫిక్ ఆగిపోతుంది.

మీకు నేను చెప్పాలనుకున్నది ఒక వీపు సంగతి. అది కండా కాదు, పొట్టా కాదు. ఒక పెద్దమనిషి వీపు. అది చేసినప్పటికి ఆ మనిషి బతికి లేడు.

మా వర్క్‌షాపు ఫిల్మ్‌నగర్‌లో ఒక బిల్డింగు సెల్లారులో ఉండేది. వెనక గోడకి బదులు బండరాయే ఉండేది. బిల్డింగు కట్టినవాళ్ళు దాన్ని పగలగొట్టలేక అలాగే వదిలేశారట. ఎండాకాలంలో కూడా ఆ రాయి చల్లగా ఉండేది. అక్కడ పనిచేసేది ముగ్గురమే. మా ఓనరుది కృష్ణా జిల్లా. ఒకప్పుడు నాటకాలకి మేకప్ చేసిన మనిషి కనుక అందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవాళ్ళు. మెషీన్ చూసుకునే ఆయన రహమత్‌నగర్ నుంచి వచ్చేవాడు. ఆయన పుట్టిందీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే. నాకంటే పెద్దవాడు, నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. మూడోదాన్ని నేను. గుంటూరు వైపు నుంచి పెళ్ళయి మోతీనగర్ వచ్చి, ముందు బ్లౌజులు కుట్టి, తరవాత ఈ పనిలో పడ్డాను.

పని సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే తరవాతి కథ మీకు అర్థం కాదు. ఇదివరకు అందరూ స్పాంజితో ప్యాడింగ్ చేసేవాళ్ళు. అది చెమట పట్టి కంపు కొట్టేది, వంగిన చోట పగిలేది. మేం పాలిస్టర్ పోగులతో ఫెల్ట్ చేసేవాళ్ళం. దూది ఏకినట్టు పోగుల్ని ఏకి, పొరలు పొరలుగా పరిచి, సూదులతో పొడుస్తాం. ఆ సూదికి దారం ఉండదు. దాని ఒంటి మీద కంటికి సరిగా ఆనని గాట్లు ఉంటాయి. కిందికి దిగేటప్పుడు ఆ గాట్లు పైపొర పోగుల్ని లోపలికి లాక్కుపోయి, పైకి వచ్చేటప్పుడు అక్కడే వదిలేసి వస్తాయి. అలా పొడవగా పొడవగా దూది లాంటిది కాస్తా గట్టి దుప్పటిలా అల్లుకుపోతుంది. కుట్టు ఉండదు, జిగురు ఉండదు. ముందు అన్న మెషీన్ మీద సాదా పలకలు తీసేవాడు. వాటిని నేను అచ్చు మీద వేసి, చేతి సూదులతో ఒంపులు తెచ్చేదాన్ని. ఎక్కువ పొడిచిన చోట గట్టిపడుతుంది, తక్కువ పొడిచిన చోట మెత్తగా ఉంటుంది. మాంసం మెత్తదనం, ఎముక గట్టిదనం రెండూ ఒకే పోగులో తేవచ్చు. ఒకసారి లోపలికి పోయిన పోగు మళ్ళీ బయటికి రాదు.

ఒక వర్షాకాలం పొద్దున కో డైరెక్టరొకాయన గొడుగు కూడా ముడవకుండా లోపలికి వచ్చాడు.

"మాస్టారూ, పెద్దాయన పోయారు కదా," అన్నాడు.

ఆ సంగతి అందరికీ తెలుసు. తండ్రి పాత్రలంటే ఆయనే. భారీ మనిషి. షూటింగ్ మధ్యలో, కారవాన్‌లో కూర్చుని ఉండగానే గుండె ఆగిపోయింది.

"సినిమా దాదాపు అయిపోయిందండీ. ఆఖరి సీనొక్కటి మిగిలిపోయింది. తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు. వెనక్కి తిరిగి చూడడు. అంతా వెనక నుంచే. ముఖం మాకు అక్కర్లేదు, కావాలంటే గ్రాఫిక్స్ వాళ్ళు పెట్టుకుంటారు. కానీ ఆ వీపు మాత్రం వాళ్ళ వల్ల కావడం లేదు. చూస్తే బొమ్మలా ఉంది."

"మరి డూపు?" అన్నారు మాస్టారు.

"ఎత్తు సరిపోయినవాడు దొరికాడు. కానీ పుల్లలా ఉంటాడు. వాడికి మీరు పెద్దాయన వీపు పొయ్యాలి."

 ఆయన వెళ్ళాక అన్న అన్నాడు, "సచ్చిపోయినాయన ఈపు సేసుడేంది మాస్టారూ. గిట్లాంటియి సెయ్యొద్దంటరు."

"బొమ్మ చెయ్యడం తప్పయితే ఊళ్ళో విగ్రహాలన్నీ తప్పే," అన్నారు మాస్టారు. మాట గట్టిగానే అన్నారు కానీ, ఆ పూట టీ తాగడం మరిచిపోయారు.

పనిలోకి దిగాక నాకు ఒక విషయం తెలిసొచ్చింది. ఇన్నేళ్ళు తెర మీద చూసిన మనిషి వీపు ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు. ముఖం కళ్ళు మూసుకుని గీయగలం. ఆయన కనుబొమ్మ ఎలా లేస్తుందో మా పక్కింటావిడ కూడా చేసి చూపిస్తుంది. వీపు మాత్రం ఎవరూ చూడలేదు. సినిమా కంపెనీవాళ్ళు పంపిన ఫొటోల్లో వీపు కనపడేది ఒక్కటే. మేకప్ రూములో ఎవరో ఫోనుతో తీసింది. అందులో మెడ వెనక కండ మడత పడి ఉంది, నడుము దగ్గర ఒరిగి ఉంది, కుడి భుజం ఎడమ దాని కంటే కిందికి ఉంది. దాన్నే పట్టుకుని మొదలుపెట్టాను.

పొరలు వేశాం. మెడ దగ్గర మడత తెచ్చాను. కుడి భుజాన్ని ఫొటోలో ఉన్నట్టే కిందికి దింపాను. సాయంత్రానికి ఆకారం వచ్చింది. అచ్చు మీదే ఉంచి, పైన తెల్లగుడ్డ కప్పి ఇళ్ళకి వెళ్ళాం.

పొద్దున వచ్చి గుడ్డ తీస్తే ఎడమ భుజం కిందికి ఉంది.

"అన్నా, నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"నేనెందుకు ముడుత చెల్లె? తాళం నీ ముంగటనే ఏసిన గద."

ఎడమ వైపు సరిగా పొడవలేదేమో, కుంగిందేమో అనుకున్నాను. అక్కడ ఇంకో పొర వేసి గట్టిగా పొడిచాను. మర్నాడు మళ్ళీ కిందికే ఉంది. మళ్ళీ పోశాను. మళ్ళీ దిగింది. మాస్టారు వచ్చి చేత్తో నొక్కి చూసి, "ముసురు పట్టింది కదమ్మా. చెమ్మకి దిగుతోంది," అన్నారు.

అన్న నా వైపు చూశాడు. నేను అన్న వైపు చూశాను. పాలిస్టర్ చెమ్మ పీల్చదు. ఆ సంగతి మాస్టారికి మా ఇద్దరి కంటే ముందే తెలుసు. అందుకే మేం దాన్ని వాడేది. అయినా ముగ్గురిలో ఒక్కరం కూడా ఆ మాట పైకి అనలేదు. "అవును, ముసురే," అన్నాను నేను.

ఆ వారమంతా నేను ఆ ఎడమ భుజంతో పోట్లాడుతూనే ఉన్నాను. అచ్చు ఒంకరేమో అని అచ్చు మార్చాం. మెషీన్ ఒక పక్కకి ఎక్కువ లాగుతోందేమో అని అన్న దాని సూదులన్నీ ఊడదీసి కొత్తవి బిగించాడు. వాటిలో రెండు మొదటి పూటే విరిగాయి. విరిగిన ముక్కలు ఎంత వెతికినా దొరకలేదు. చివరికి అయస్కాంతంతో వీపంతా తడిమాం, ఒంటికి వేసుకునే వస్తువు కనుక. లోపల ఏమీ లేదు.

ఆ శుక్రవారం కో డైరెక్టరు తన ఫోనులో ఒక క్లిప్ తెచ్చాడు. పాత సినిమా ఏదో, పెద్దాయన ఒక పెళ్ళిపందిట్లోకి నడిచి వెళ్తున్నాడు. వెనక నుంచి. మేం ముగ్గురం ఫోను మీదికి వంగి చూశాం.

ఎడమ భుజం కిందికి ఉంది.

"మరి మీరిచ్చిన ఫొటోలో కుడి భుజం కదండీ?" అన్నాను.

ఆయన ఫొటో పెద్దది చేసి చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, ఇది అద్దంలో పడ్డ బొమ్మ. మేకప్ అద్దంలోంచి తీశారు. సారీ అండీ, ఎవరూ గమనించలేదు."

సినిమావాళ్ళ పనిలో ఇలాంటి పొరపాట్లు మామూలే. చెయ్యి కొలత ఇవ్వమంటే కాలు కొలత పంపినవాళ్ళు కూడా ఉన్నారు. నవ్వుకుని దిద్దుకుంటాం. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. అందరం మెల్లగా తలతిప్పి అచ్చు మీద ఉన్న వీపు వైపు చూశాం. మేం వారం రోజులు దానికి తప్పు నేర్పాలని చూశాం. అది ఒప్పుకోలేదు.

"పొద్దుగాలనే అగర్‌బత్తి ముట్టిస్త," అన్నాడు అన్న. మాస్టారు కాదనలేదు.

డూపు సోమవారం వచ్చాడు. జూనియర్ ఆర్టిస్టు, నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. అతనిదీ రహమత్‌నగరే. అడుగు లోపల పెట్టినప్పటి నుంచి నోరు మూతపడలేదు.

"అక్కా, ఇప్పటిదాంక నేను శవంగ చేసిన, పోలీసుగ చేసిన, పెండ్లిల బువ్వ తినెటోనిగ చేసిన. గింత పెద్దాయన లెక్క చేసుడు ఇదే మొదలు. నా పేరు ఏడ్నన్న పడ్తదా?"

"వీపుకి పేరు వెయ్యరు తమ్ముడూ," అన్నాను.

అందరం నవ్వాం. అతనికి ఆ వీపు తొడిగి, వెల్‌క్రో పట్టీలు బిగించి, పైన పెద్దాయన లాల్చీ వేశాను. లాల్చీ కంపెనీవాళ్ళు పంపిందే. దాని ముడతలు కూడా ఫెల్ట్ మీద వెతుక్కున్నట్టుగా వాటి చోట్లలో కూర్చున్నాయి.

అతను మాట్లాడటం ఆపేశాడు.

"ఏమైంది? ఎక్కడైనా గుచ్చుకుంటోందా?"

తల అడ్డంగా ఊపాడు. తలుపు దాకా నడిచి వెళ్ళాడు. నడక నెమ్మదిగా, ఎడమ కాలు కొంచెం ఈడ్చినట్టుగా ఉంది. అక్కడి స్టూలు మీద మాకు వీపు పెట్టి కూర్చుని, ఎడమ చెయ్యి మోకాలి మీద బోర్లించి, గొంతు సవరించుకున్నాడు. ఆ దగ్గు నాకు తెలుసు. మీకూ తెలుసు. ఎన్ని సినిమాల్లో విన్నామో.

మాస్టారు కూర్చున్నవారల్లా లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో ఆయనకీ తెలియదు. తరవాత, పని ఉన్నట్టుగా మెషీన్ దగ్గరికి వెళ్ళారు.

మీలో తెలివైనవాళ్ళు అంటారు, ఇందులో వింతేముంది అని. నిజమే. ఎడమ వైపు నేను పోసీ పోసీ గట్టిపరిచాను కనుక అది భుజాన్ని కిందికి లాగుతుంది. భుజం ఒరిగితే కాలు ఈడుస్తుంది. ఒళ్ళు ఎలా ఉంటే నడక అలా వస్తుంది, మా పనికి మూలమే అది. అతను కూడా సినిమాలు చూసినవాడే కనుక దగ్గు దానంతట అదే వచ్చి ఉండొచ్చు. నేనూ ఇలాగే చెప్పుకున్నాను. కానీ వీపు విప్పాక అతను ఒక మాట చెప్పాడు.

"అక్కా, బరువేం లేదు. మెత్తగనే ఉన్నది. గని గది ఏసుకున్నంక నాకు మాట్లాడబుద్ధి గాలే. ఎవలో ఎనకకెల్లి నన్నే సూస్తున్నరు, నేనే తిరుగుతలేను, గట్ల అనిపిచ్చింది."

రిహార్సళ్ళని అతను రోజూ వచ్చేవాడు. రోజురోజుకీ మాటలు తగ్గాయి. ఒకరోజు అతని భార్య అతనితోపాటు వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అడిగింది. "అక్కా, మా ఆయనకు ఏం తొడుగుతున్నరు మీరు? ఇంట్ల ముసలాయన లెక్క నడుస్తుండు. పిల్లలు పిలిస్తె పలుకుతలేడు. నిన్న అన్నం కాడ నా దిక్కు ఈపు వెట్టి కూసున్నడు. ఎన్నడు గట్ల కూసోలే."

"షూటింగ్ అయిపోతే అంతా మామూలైపోతుందమ్మా," అన్నాను.

"అయిపోతదా?" అంది. నమ్మకం లేని గొంతు.

ఆఖరి సీను తియ్యడానికి జూబ్లీహిల్స్‌లో ఒక పాత ఇల్లు కిరాయికి తీసుకున్నారు. ముందు పెద్ద వరండా, మెట్లు, దూరంగా గేటు, చుట్టూ చెట్లు. వాన వెలిసి మధ్యాహ్నపు ఎండ పడింది. తండ్రి మెట్లు దిగి, గేటు దాకా నడిచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలి. ఒకే షాట్. మాస్టారు, నేను వీపు పట్టుకుని వెళ్ళాం. తొడిగి, సవరించి, అతన్ని వరండాలో తోట వైపు ముఖం పెట్టి కుర్చీలో కూర్చోబెట్టాం.

అప్పుడే గేటు ముందు ఒక కారు ఆగింది. కో డైరెక్టరు పరుగున మా దగ్గరికి వచ్చాడు.

"అమ్మగారు వచ్చారు. ఎవరు చెప్పారో ఏమో."

పెద్దాయన భార్య. అదే జూబ్లీహిల్స్‌లో రెండు రోడ్ల అవతల వాళ్ళ ఇల్లు. తెల్లని నేత చీర, చేతిలో కళ్ళజోడు. ఆవిడ ఎవరినీ తిట్టలేదు, ఏడవలేదు. "ఎవరు చేశారు?" అని మాత్రం అడిగారు. మాస్టారు నన్ను చూపించారు.

"నేను చూడొచ్చా అమ్మా?"

తల ఊపి ఆవిడ వెంట నడిచాను. ఇంటి వెనక వైపు నుంచి వచ్చి, హాలు దాటి, వరండా గుమ్మంలో ఆగాం. ఎదురుగా అతను కూర్చుని ఉన్నాడు. లాల్చీ, ఒరిగిన ఎడమ భుజం, మెడ వెనక మడత.

ఆవిడ గుమ్మం పట్టుకున్నారు.  అడుగుల చప్పుడు విని అతను లేవబోయాడు.

"తిరగొద్దు బాబూ," అన్నారు ఆవిడ. "అలాగే కూర్చో."

అతను కూర్చుండిపోయాడు. ఆవిడ దగ్గరికి వెళ్ళి, వేళ్ళ చివరలతో లాల్చీ మీద నుంచే ఆ వీపుని తాకారు. భుజం మీద నుంచి కిందికి, డొక్క వైపు, ఏదో వెతుకుతున్నట్టు. ఒకచోట చెయ్యి ఆగింది.

"ఇది కూడా పెట్టావా?" అన్నారు నా వైపు చూడకుండా.

"ఏదమ్మా?"

"ఆయనకి ఇక్కడ కొవ్వు గడ్డ ఉండేది. నిమ్మకాయంత. నొప్పి లేదు, తీయించుకోనన్నారు. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నీకెవరు చెప్పారు?"

నా చేతిని తీసుకుని ఆ చోట పెట్టారు. ఉంది. లోపల, పొరల అడుగున, గుండ్రంగా, గట్టిగా. ఆ వీపు మీద నా చెయ్యి తగలని చోటు లేదు. అయస్కాంతంతో తడిమినప్పుడు కూడా నేనే పక్కనుండి అంగుళం అంగుళం నొక్కి చూశాను. అక్కడ ఏ గడ్డా లేదు. సరిగా ఏకని పోగు ఉండ కట్టి ఉంటుందని మాస్టారు తరవాత అన్నారు. అయ్యుండొచ్చు. నేను మాత్రం అప్పుడు, "ఎవరూ చెప్పలేదమ్మా," అనగలిగాను, అంతే.

ఆవిడ వెనక్కి వచ్చి, వరండా తలుపు వేసి, హాల్లో కుర్చీలో కూర్చున్నారు. నన్ను పక్కన కూర్చోమన్నారు. కాసేపటికి, నాతో అన్నారో తనలో తాను అనుకున్నారో, మెల్లగా చెప్పారు.

"ఆ పొద్దున షూటింగ్‌కని బయల్దేరారు. మెట్లు దిగుతున్నారు. మాత్ర వేసుకున్నారా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. బయటికి వెళ్ళే మనిషిని వెనక నుంచి పిలవకూడదు కదా, ఫోన్ చేసి అడుగుదాంలే అనుకున్నాను. తరవాత ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేను ఆఖరిసారి చూసింది ఈ వీపే."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. 

బయట షాట్ సిద్ధమైంది. ఆవిడ చూస్తానన్నారు. కెమెరాకి పక్కగా మాకు రెండు కుర్చీలు వేశారు. ఆ షాట్‌కి సౌండు కూడా తీసుకుంటున్నారు, అందుకని ఎవరూ కదలవద్దన్నారు. అంతమంది ఉన్నా చెట్ల మీంచి నీటిబొట్లు రాలడం వినపడేంత నిశ్శబ్దం.

అతను మెట్లు దిగాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ, తొందర లేకుండా నడుస్తున్నాడు. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఉన్నారు. ఆ పట్టు బిగుసుకుంటూ వచ్చింది. నేను ఆవిడ ముఖం వైపు చూశాను. పెదవులు గట్టిగా మూసి ఉన్నాయి. నేను కళ్ళారా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆవిడ నోరు తెరవలేదు.

సగం దారిలో అతను ఆగిపోయాడు.

స్క్రిప్టులో ఆగడం లేదు. వెనక నుంచి ఎవరో పిలిస్తే మనిషి ఎలా ఆగుతాడో, ఒక పాదం నేల మీద సగం ఆనించి, తల కొంచెం పక్కకి వాల్చి, వింటున్నట్టుగా ఆగాడు. తిరగలేదు. మెల్లగా ఎడమ చెయ్యి లాల్చీ జేబు మీదికి వెళ్ళింది. లోపల ఏదో ఉందో లేదో చూసుకున్నట్టు జేబుని రెండుసార్లు తట్టాడు. తరవాత నడుచుకుంటూ వెళ్ళి గేటు దాటాడు.

నా మణికట్టు మీది పట్టు వదులైంది.

"కట్" అనడం డైరెక్టరు మరిచిపోయాడు. కో డైరెక్టరే అన్నాడు. గేటు దగ్గరికి అందరం పరుగెత్తాం. అతను గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, ముఖమంతా చెమట.

"మధ్యలో ఎందుకు ఆగావు? ఎవరు ఆగమన్నారు?" అన్నాడు డైరెక్టరు. కోపం కంటే ఇంకేదో ఉంది ఆ గొంతులో.

"అమ్మ పిలిచింది గద సార్."

"ఎవరూ పిలవలేదయ్యా."

"పిలిచింది సార్. మాత్ర ఏసుకున్నరా అన్నది. ఉన్నది అని చూపిచ్చిన."

మేం మాట్లాడుకున్నది వరండాలో ఉన్న అతనికి వినపడిందేమో అనుకున్నాను. కానీ మేం మాట్లాడుకున్నది హాల్లో, తలుపు వేసి. అప్పటికే అతన్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళారు. సౌండు రికార్డిస్టు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొత్తం మళ్ళీ విన్నాడు. నీటిబొట్లు, ఒక పిట్ట, అడుగుల చప్పుడు, అంతే ఉన్నాయి.

ఆవిడ మెల్లగా నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చారు. "నోటితో పిలవలేదు," అన్నారు.

డైరెక్టరు స్క్రిప్టులో ఉన్నట్టుగా ఇంకో టేక్ కావాలన్నాడు. డూపు చేతులు జోడించాడు. "నాతోని కాదు సార్. పైసలియ్యకున్నా మంచిదే. నేను మళ్ళ ఏసుకోను." ఎవరూ బలవంతం చెయ్యలేదు. తీసిన ఆ ఒక్క షాటే సినిమాలో ఉంది. ఆ జేబు తట్టడం గురించి జనం ఏమేమో రాశారు. డైరెక్టరు ఊహాశక్తి అన్నారు.

నేను అతని పట్టీలు విప్పి వీపు తీసి కుర్చీకి ఆనించాను. ఆవిడ దాన్ని చూస్తూ నిలబడ్డారు.

"దీన్ని ఇప్పుడేం చేస్తారు?"

"మా స్టోరులో ఉంచుతామండీ," అన్నాడు కో డైరెక్టరు. "ప్యాచ్ వర్క్ అని తరవాత ముక్కలు ఏవైనా తియ్యాల్సొస్తే మళ్ళీ కావాలి."

"ఇంకొకడికి తొడుగుతారా?"

 ఆవిడ నా వైపు చూశారు. అడగలేదు, చూశారంతే. డూపు కూడా చూస్తున్నాడు, ఒట్టి బనీనుతో నిలబడి. ఒంట్లో ఎముకలన్నీ కనపడుతున్నాయి. విప్పేశాక కూడా అతని ఎడమ భుజం కిందికే ఉంది.

వస్తువు కంపెనీది. డబ్బిచ్చేది వాళ్ళు. పాతికేళ్ళ ఉద్యోగంలో నేను చేసింది నా చేత్తో నేనెప్పుడూ పాడుచెయ్యలేదు. మాస్టారి వైపు చూశాను. ఆయన చెట్ల వైపు చూస్తున్నారు. నా పెట్టెలోంచి పెద్ద కత్తెర తీశాను.

"ఏమ్మా, ఏం చేస్తున్నావు?" అంటూ కో డైరెక్టరు ముందుకి వచ్చాడు. అప్పటికే నేను మెడ మడత దగ్గర కత్తెర పెట్టాను. సూదులతో అంత బిగిసిన ఫెల్ట్ తెగడం తేలిక కాదు. రెండు చేతులతో నొక్కుతూ వెన్ను మీదుగా కిందికి కోశాను. చేతులు బొబ్బలెక్కాయి. ఎవరూ నన్ను ఆపలేదు. రెండు ముక్కలు చేసి, ఆవిడ చూపించిన చోట ఇంకో కోత పెట్టి విప్పాను.

లోపల పోగులు. తెల్లని మామూలు పాలిస్టర్ పోగులు. ఉండా లేదు, గడ్డా లేదు.

ఆవిడ వంగి, కోసిన చోటు నుంచి చిటికెడు పోగులు లాగి, అరచేతిలో పెట్టుకుని చూశారు.

"ఇంతేనా అమ్మా?"

"ఇంతేనమ్మా."

తల ఊపి, ఆ పోగులు చీర కొంగుకి అంటుకుంటే దులిపేసి, డూపు వైపు తిరిగారు. అప్పుడే మొదటిసారి అతని ముఖం చూశారు. "నీ పేరేమిటి బాబూ? అన్నం తిన్నావా?" అని అడిగారు. అతను తన పేరు చెప్పాడు. తినలేదన్నాడు. ఎవరినో పిలిచి అతనికి ప్లేటు తెప్పించి, అతను తినేదాకా ఎదురుగా కూర్చుని, తరవాత కారెక్కి వెళ్ళిపోయారు.

 తిరుగు ప్రయాణంలో చెక్ పోస్టు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాస్టారు అడిగారు, "మళ్ళీ అలాంటిది చెయ్యగలవా?"

"చెయ్యనండీ."

"మంచిది," అన్నారు. కంపెనీవాళ్ళు మాకు మళ్ళీ పని ఇవ్వలేదు. మేమూ అడగలేదు.

మేం బయల్దేరే ముందు జరిగింది చెప్పడం మరిచాను. సామాను ఆటోలో పెడుతుంటే డూపు నా దగ్గరికి వచ్చాడు. చొక్కా వేసుకున్నాడు, జుట్టు దువ్వుకున్నాడు. ముఖంలో భయం ఇంకా పోలేదు.

"అక్కా, నేను గేటు దాంక నడుస్త. ఎనకకెల్లి చూసి నిజం చెప్పు. నా నడకనా, ఆయనదా? ఇంటికి పోవాలె, పిల్లలున్నరు."

నడిచాడు. తడి నేల మీద, సన్నటి మనిషి, వదులు చొక్కా. నేను కళ్ళు చిట్లించి చూశాను. ఎడమ భుజం కిందికి ఉందా, చొక్కా అలా జారిందా? కాలు ఈడుస్తున్నాడా, చెప్పు తెగిందా? ఎంత చూసినా నాకు తెలియలేదు. అతను గేటు దాకా వెళ్ళాడు. ఇంకో అడుగు వేస్తే బయటికి వెళ్ళిపోతాడు.

"నీదే తమ్ముడూ!" అని గట్టిగా అరిచాను. "నీ నడకే!"

అతను చప్పున వెనక్కి తిరిగి, పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు.